వెంట్రుక చాలా లావు

మా దగ్గర వెంట్రుక చాలా లావు.
డెబ్బై మైక్రాన్లు.
వెంట్రుకవాసిలో తప్పిందని ఎవరైనా ఊపిరి పీల్చుకుంటే
మరీన్య గ్రాండ్‌లో నవ్వుతారు.
అచ్చులు చెక్కే ఊరిది,
అందులో ఏడో వంతు తేడా వస్తే చాలు
వెళ్ళిన లారీ వెళ్ళినట్టే తిరిగొస్తుంది.

మార్చిలో వచ్చింది అలాంటిదొకటి.
నలభై వేల పళ్ళచక్రాలు, నల్లవి,
బొటనవేలి గోరంత,
కారు కిటికీ అద్దాన్ని లేపి దించేవి.
ఒక్క పంటి మీద పన్నెండు మైక్రాన్ల గీర.
మన నీడల యంత్రానికి అది కనబడలేదు, అన్నాను నేను.

నీడల యంత్రమంటే ఇప్పటి పిల్లలకి తెలీదు.
గాజుబల్ల మీద ముక్కని పెడితే
కింద దీపం వెలుగుతుంది,
పైన ఆకుపచ్చ తెర మీద
యాభై రెట్ల నీడ పళ్ళికిలిస్తుంది.
తెర మీద ట్రేసింగు కాగితం అంటించి
గీత మీద గీత కూర్చుందా లేదా చూడటం,
ముప్పై ఒక్క ఏళ్ళుగా నా అన్నం అదే.

"కొత్తది కొందాం జుల్మీరా, నువ్వే ఎంచు"
అన్నాడు బెల్మీరు, నా కళ్ళలోకి చూడకుండా.

మొదటివాడు మఖమల్ పెట్టెలోంచి
తన గాజు పలకే తీసి, తన యంత్రం కిందే పెట్టి,
అర మైక్రాను! అన్నాడు.
తన కూర తనే తిని ఆహా అన్నట్టు.
నేను ఏప్రన్ జేబులోంచి
తిరిగొచ్చిన చక్రం తీసిచ్చాను.
నలుపు వెలుగుని తాగేస్తుంది కదా,
నిద్రలేచి కళ్ళజోడు కోసం తడుముకునేవాడిలా
అంచు కోసం తడుముకుంది ఆ యంత్రం.
ఒకసారి ఒక అంకె. మళ్ళీ నొక్కితే ఇంకోటి.
"నూనె ఉందండి దీని మీద."
ఉంటుంది నాయనా. మా ముక్కల మీద నూనె ఉంటుంది.

రెండోవాడిది లేజరు.
నల్లటి వాటికి ముందు తెల్లపొడి చల్లాలన్నాడు.
పొడి మందమెంత?
కాఫీ కప్పు వంక చూశాడు.
"పదిహేను మైక్రాన్లు ఉండొచ్చు..."
ఇల్లు వెతకడానికి ముందు ఇంటికి సున్నం వేయడం!
బెల్మీరు కూడా నవ్వాడు ఆ పూట.

మా నాన్న ఈ ఊళ్ళోనే గాజు ఊదేవాడు.
కొలిమి రంగుని బట్టే వేడి చెప్పేవాడు.
చూసీ చూసీ చివరికి
రెండు కళ్ళకీ పొర కమ్మింది.
కొలిమి పనివాళ్ళకి మామూలే అన్నాడు డాక్టరు.
నేను కొలిమి పని చెయ్యలేదు.

మూడోది బ్రాగా నుంచి వచ్చిన పిల్ల, కితేరియా.
నమూనాలేవీ తేలేదు.
మీ దగ్గరున్న అన్నిటికన్నా చెడ్డ ముక్క ఇవ్వండి, అంది.
గదిలో దీపాలార్పించింది.
వెలుగుని పైనుంచి కాక
పక్కగా, నేలబారుగా పడేలా తిప్పుతూ కూర్చుంది.
ఒకచోట నల్లటి పంటి అంచు
చేపపొలుసులా తళుక్కుమంది.
ముప్పైసార్లు నా చేత్తోనే తీయించి, పెట్టించి
ముప్పై అంకెలూ కాగితం మీద రాసింది,
బాగోలేని రెండింటితో సహా.
తర్వాత పెన్సిలు మొనతో పంటి మొదలు చూపించి
"ఇక్కడ నాకు కనబడదు" అంది.

అంత తేలిగ్గా అనొచ్చా ఆ మాట!

పదకొండు వేల యూరోలు ఎక్కువ.
వారం రోజులు బెల్మీరు నాతో మాట్లాడలేదు.
ఎనిమిదో రోజు
ఫారం నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

సాయంత్రం అందరూ పోయాక
పాత యంత్రం దీపం వేశాను.
అదే చక్రం, అదే పన్ను.
పన్నెండు మైక్రాన్లని యాభై రెట్లు చేస్తే
అర మిల్లీమీటరు దాటుతుంది, ఎవరైనా లెక్క కట్టొచ్చు.
కితేరియా మరిచిపోయిన భూతద్దం తెరకి ఆనించాను.
ఉంది.
గీర అక్కడే ఉంది, ఆకుపచ్చ వెలుగులో,
మార్చిలో కూడా ఉండే ఉంటుంది.

ఫారంలో మూడో గడి:
పాత పరికరం మార్చడానికి కారణం.
చూపు ఆనడం లేదు, అని రాశాను.
ఎవరికో రాయలేదు.